నెల్లూరు తీరంలో హైస్కూలు చేతిపనుల చదువు

హైస్కూలు పిల్లల చేత కర్ర, ఇనుము, నూలు, గుడ్డ, కరెంటు సామాను వంటి వాటితో పని చేయించి, ఆ పనిలోనే కొలతను, నమూనా గీతను, పనిముట్ల వాడకాన్ని, ఒక వస్తువు తయారయ్యే వరసను నేర్పే విద్యకు పారిశ్రామిక కళల విద్య అని పేరు. మన బడుల్లో కాలాన్ని బట్టి దీన్ని చేతిపనులనీ, క్రాఫ్టనీ, పని అనుభవమనీ, పని విద్య అనీ, ప్రీ-వొకేషనల్ అనీ పిలుస్తూ వచ్చారు. ఐటీఐ శిక్షణ వేరు, ఇది వేరు. ఐటీఐ ఒక ఫిట్టరునో వెల్డరునో తయారుచేస్తుంది. హైస్కూలు చేతిపని మాత్రం రేపు డాక్టరయ్యే అమ్మాయికీ, రేపు పడవ ఎక్కే అబ్బాయికీ ఒకే బల్ల దగ్గర నేర్పాల్సిన చదువు. ఈ తేడాను పాలకులు మరచినప్పుడల్లా ఈ చదువు దెబ్బతింది. నెల్లూరు జిల్లా చరిత్రలో అందుకు కావలసినన్ని సాక్ష్యాలున్నాయి.

ఉత్తరాన కావలి వైపు రేవుల నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా ఈ తీరమంతా చేతిపనుల మీద బతికేదే. ఇసకపల్లి వైపు ఉప్పు మళ్లు, ఊరూరా పట్టపు మత్స్యకారుల వలలు, పెన్నా డెల్టా పొడవునా రొయ్యల చెరువులు, హ్యాచరీలు, కృష్ణపట్నం రేవు, దాని పక్కన థర్మల్ కేంద్రాలు. తీరం నుంచి లోపలికి పోతే వెంకటగిరి మగ్గాలు, గూడూరు అభ్రకం గనులు, ఉదయగిరి కొయ్య చెంచాలు. ఇంత పని జరిగే చోట, బడిలో పనికి దక్కిన చోటు ఎప్పుడూ ఇరుకే.

బయటి నుంచి వచ్చిన రెండు దారులు

చేతిపనిని సామాన్య విద్యలో భాగం చేసిన మొదటి దేశం ఫిన్లాండ్. ఊనో సిగ్నేయస్ కృషితో అక్కడ 1866లో అది తప్పనిసరి పాఠమైంది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ నాస్ అనే చోట ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ 'స్లాయిడ్' పద్ధతిని ప్రపంచానికి అందించాడు. పిల్ల మొదటి రోజు నుంచే ఇంట్లో పనికొచ్చే ఒక పూర్తి వస్తువు చేయాలన్నది అతని పట్టుదల. అదే కాలంలో మాస్కో సాంకేతిక పాఠశాలలో విక్టర్ డెల్లావోస్ మరో దారి పట్టాడు. వస్తువును పక్కన పెట్టి పనిని ముక్కలుగా విడదీసి, ముందు ఈ అతుకు, తర్వాత ఆ అతుకు అని కసరత్తులా నేర్పించాడు. ఆ నమూనాలు 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వెళ్లాయి. వాటి ప్రభావంతో కాల్విన్ వుడ్‌వర్డ్ సెయింట్ లూయీలో చేతిపనుల హైస్కూలు తెరిచాడు. 'పారిశ్రామిక కళలు' అన్న పేరును 1904లో ముందుకు తెచ్చింది చార్లెస్ రిచర్డ్స్.

ఈ రెండు దారుల పేచీ మన బడిలోనూ కనిపిస్తుంది. కుట్టు తరగతిలో హెమ్మింగు, కాజా, బటన్ కుట్లను చిన్న చిన్న గుడ్డముక్కల మీద వేసి రికార్డులో అంటించడం మాస్కో దారి. చెల్లెలికి గౌను కుట్టి తొడిగించడం నాస్ దారి. మొదటిది మార్కులు వేయడానికి సులువు గనక బడుల్లో అదే నిలిచింది. పిల్లలకు పని మీద మమకారం పుట్టేది మాత్రం రెండోదాని వల్లనే.

మద్రాసు రాష్ట్రపు రోజులు

నెల్లూరు 1953 దాకా మద్రాసులో భాగం. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850లో మద్రాసులో పెట్టిన కళల పాఠశాల ఈ ప్రాంతంలో చేతిపనుల చదువుకు మొదటి పెద్ద అడుగు. 1882 నాటి విద్యా కమిషన్ హైస్కూలు చదువులో విశ్వవిద్యాలయానికి పోయే దారితో పాటు వ్యాపార, వృత్తి రంగాలకు పోయే మరో దారి ఉండాలని చెప్పింది. చెప్పింది గానీ జిల్లా కేంద్రాల్లోని హైస్కూళ్లు గుమాస్తాలనూ, వకీళ్లనూ తయారుచేసే పనిలోనే ఉండిపోయాయి.

చేతిపని ఎక్కువగా వెళ్లింది పేదల దగ్గరికి, అదీ కొన్నిసార్లు శిక్షగా. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన ఎరుకల పారిశ్రామిక సెటిల్‌మెంటు దీనికి ఉదాహరణ. నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టడి చేసి పనీ, చదువూ నేర్పారు. మిషనరీల ఉద్దేశాలు ఏవైనా, హాజరు వేయించుకోకుండా బయటికి పోలేని మనిషికి నేర్పిన పనిని విద్య అనడం కష్టం. చేతిపని అంటే చదువు రానివాడికి, దారి తప్పినవాడికి అనే భావం మన సమాజంలో పాతుకుపోవడానికి ఇలాంటి సంస్థలూ ఒక కారణమే.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున, స్వాభిమానంతో పుట్టిన ప్రయత్నాలు రెండున్నాయి. ఒకటి ఇదే తీరాన ఉత్తరంగా మచిలీపట్నంలో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు దాన్ని నెలకొల్పారు. అక్కడ సాహిత్యం, శాస్త్రాలతో పాటు నేత, వడ్రంగం, యంత్రాల పని పాఠ్యాంశాలయ్యాయి. ఉద్యోగం కోసం కాక దేశం కోసం పని నేర్చుకోవాలన్న ఆలోచన తెలుగునాట అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ ఆచరణలో పెట్టలేదు.

రెండోది నెల్లూరు సొంతం. పెన్నా ఒడ్డున ఇందుకూరుపేట దగ్గర పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాని నిర్మాతలు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడైన పారశీ రుస్తుంజీ భవనానికి విరాళమిచ్చారు. పొణకా కనకమ్మ అండగా నిలిచారు. రాట్నం, ఖద్దరు అక్కడ నిత్య కృత్యాలు. కనకమ్మ అంతటితో ఆగలేదు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. 1929లో గాంధీజీ మళ్లీ వచ్చినప్పుడు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఇల్లు దాటడానికి ఆడవాళ్లకు అనుమతి దొరకని రోజుల్లో, తానే బడికి వెళ్లి చదువుకోని ఒక స్త్రీ ఇంత పని చేశారు. ఈ జిల్లాలో విద్యా చరిత్ర రాసేవారు ఆమె దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశం, ఆ తర్వాత జాకీర్ హుసేన్ సంఘం నివేదిక ఈ ఆలోచనలకు జాతీయ రూపమిచ్చాయి. 'నయీ తాలీమ్'లో చేతిపని పక్క పాఠం కాదు, మిగతా పాఠాలన్నీ దాని చుట్టూ అల్లుకుంటాయి. నూలు వడికే పిల్ల అక్కడే లెక్కలు, పత్తి పండే నేలల భూగోళం, నేతగాళ్ల చరిత్ర నేర్చుకుంటుంది. మన బేసిక్ బడులు చాలావరకు రాట్నాన్ని పట్టుకున్నాయి గానీ ఆ అల్లికను పట్టుకోలేకపోయాయి. అందుకు తగినట్టు ఉపాధ్యాయులను తయారుచేయడం కష్టమైన పని, దానికి ఓపిక ఎవరికీ లేకపోయింది.

అంతలో 1953 వచ్చింది. రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక బడుల్లో తరగతి గంటలను పూటకు కుదించి, మిగతా సమయం పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలంది. నేతగాని కొడుకు నేత, చాకలి కూతురు చాకలిపని. ఇది కులవృత్తి విద్య అంటూ మద్రాసు రాష్ట్రమంతా మండిపడింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే పథకం రద్దయింది. ఆ వ్యతిరేకత న్యాయమైనదే. ఆ ఒక్క పథకం చేసిన చెరుపు మాత్రం దానితోపాటు పోలేదు. ఆ తర్వాత బడిలో చేతిపని అనే మాట ఎత్తితే, మా పిల్లల్ని మళ్లీ మా పనికే పంపుతారా అని అణగారిన కులాల తల్లిదండ్రులు అడగడం మొదలైంది. అడగడానికి వారికి హక్కుంది. దానికి జవాబు ఒక్కటే: పట్టపు పిల్లాడికి వైరింగు, రెడ్డి పిల్లాడికి వల అల్లిక, బ్రాహ్మణ పిల్లకు వడ్రంగం. ఎవరి ఇంటి పని వారికి నేర్పితే అది కులం. అందరి పని అందరికీ నేర్పితేనే విద్య.

క్రాఫ్టు పీరియడ్

లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952–53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్ ప్రతి హైస్కూలు విద్యార్థి ఒక చేతిపని నేర్వాలనీ, సాంకేతిక, వ్యవసాయ, వాణిజ్య, గృహవిజ్ఞాన విభాగాలున్న బహుళార్థ సాధక పాఠశాలలు పెట్టాలనీ సిఫారసు చేసింది. ఆంధ్రలోనూ అలాంటి మల్టీపర్పస్ హైస్కూళ్లు వచ్చాయి. పెద్ద హైస్కూళ్లలో డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు మాస్టారు, కుట్టు టీచరమ్మ పోస్టులు ఏర్పడ్డాయి. ఆ ఉద్యోగాలకు ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగు, కుట్టు-అల్లికలు, చేనేతల్లో లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు పెట్టేది, ఇప్పటికీ పెడుతోంది. పాసైనవారు 42 రోజుల వేసవి శిక్షణ పూర్తి చేస్తే బడిలో పాఠం చెప్పే అర్హత వస్తుంది.

కొఠారీ కమిషన్ 1964–66లో దీన్ని 'పని అనుభవం' అంది. ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం 1977లో 'సామాజికోపయోగ ఉత్పాదక కృత్యం' అంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ఒకేషనల్ కోర్సుల బరువంతా ఇంటర్మీడియట్ మీదికి జరిగింది. పేరు మారిన ప్రతిసారీ హైస్కూలు టైంటేబుల్లో ఆ పీరియడ్ ఇంకొంచెం పలచబడింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో లేని పాఠానికి మన బడిలో నిలకడ లేదు. సిలబస్ వెనకబడితే క్రాఫ్టు పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు. రిటైరైన క్రాఫ్టు మాస్టారి స్థానంలో కొత్తవారు రారు. ఆయన బీరువాలోని చిత్రికలు, ఉలులు తుప్పు పడతాయి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి పని విద్య బోధకుణ్ణి పార్ట్‌టైంగా ఇవ్వాలంది. పార్ట్‌టైం బోధకుడి జీతం, భద్రత ఎలా ఉంటాయో ఆ ఉద్యోగం చేసినవారికి తెలుసు.

తీరం చెప్పే పాఠాలు

ఈ చదువు విలువ తెలియాలంటే తీరంలో జరిగే నాలుగు పనులను దగ్గరగా చూస్తే చాలు. ఏ ఒక్కటీ హైస్కూలు పాఠ్యపుస్తకానికి దూరం కాదు.

మొదటిది వల. దారాన్ని బిగువుగా లాగి కొలిస్తే 100 మీటర్లుండే వలను అంతే పొడవు తాడుకు ఎవరూ కట్టరు. 50 మీటర్ల తాడుకు కడితే కన్నులు నిలువుగా సాగి, వల తన పూర్తి లోతులో సుమారు 87 శాతం దిగుతుంది. 70 మీటర్ల తాడుకు కడితే కన్ను దాదాపు చతురస్రంగా విచ్చుకుని, అదే దారంతో నీళ్లలో అత్యధిక వైశాల్యం పరుచుకుంటుంది. ఈ లెక్క పైథాగరస్ సిద్ధాంతమే, పదో తరగతిలోని 45 డిగ్రీల త్రికోణమితే. ఏ చేపకు ఎంత వదులు పెట్టాలో మైపాడు రేవులో వల కట్టే పెద్దాయనకు చేతి అలవాటుగా తెలుసు. అదెందుకలా అన్నది సూత్రంగా చెప్పగలిగిన పిల్ల ఆయన పక్కన కూర్చుంటే ఇద్దరికీ లాభం.

రెండోది ఉప్పు. సముద్రపు నీరు బామే కొలతలో సుమారు 3 డిగ్రీలుంటుంది. మడి నుంచి మడికి మారుతూ ఎండకు చిక్కబడి 25 డిగ్రీలు దాటాక ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. 29, 30 దగ్గరికి వచ్చేసరికి మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేయాలి. లేకపోతే మెగ్నీషియం లవణాలు కూడా దిగి ఉప్పు చేదెక్కుతుంది, గాలిలోని తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. ఒక గాజు హైడ్రోమీటరు, నాలుగు పళ్లేలు, ఒక వేసవి వారం ఉంటే ద్రావణాలు, సంతృప్తత, స్ఫటికీకరణ మూడు పాఠాలూ పూర్తవుతాయి. ఆ పని చేసిన పిల్లకు ఉప్పు మడిలో ఎండకు నిలబడే కూలీ శ్రమ కూడా అర్థమవుతుంది.

మూడోది ఫైబరు పడవ. ఒకప్పుడు ఈ తీరంలో దుంగలు కట్టిన తెప్పలే. ఇప్పుడు ఇంజను బిగించిన ఫైబరు పడవలు వాటి చోటు తీసుకున్నాయి. గాజు నార చాపను అచ్చులో పరచి రెసిన్ పూస్తారు. అది గట్టిపడటానికి కలిపే మందు రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది తగ్గించాలి, లేకుంటే పూత పూయకముందే డబ్బాలోనే గడ్డకడుతుంది. ఎక్కువైతే వేడెక్కి పగుళ్లిస్తుంది. ఆ పగులు ఒడ్డున కనపడకపోవచ్చు, నడిసముద్రంలో కనపడుతుంది. శాతాలు, రసాయన చర్య వేగం, ఉష్ణోగ్రత ప్రభావం పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలు. పడవ దగ్గర అన్నీ ఒక్క మగ్గు రెసిన్‌లో ఉన్నాయి. గ్లవ్సు, ముక్కుకు మాస్కు లేకుండా ఆ పని చేయకూడదన్నది బడిలో నేర్పాల్సిన మొదటి మాట. రేవులో చాలామంది పట్టించుకోనిది అదే.

నాలుగోది రొయ్యల చెరువు. 1990ల్లో టైగర్ రొయ్యతో నెల్లూరు తీరం రూపమే మారిపోయింది. తెల్లమచ్చ వైరస్ దాన్ని కుదేలు చేసింది. 2009 తర్వాత వనామీ వచ్చి మళ్లీ నిలబెట్టింది. ఈ చెరువులు ఏరేటర్ల మీద బతుకుతాయి. నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది గనక తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ మోటారు ఆగితే పంటంతా పోతుంది. త్రీఫేజు మోటారుకు వచ్చే మూడు తీగల్లో ఏ రెండు మార్చినా తిరిగే దిక్కు మారుతుందని తెలిసిన తొమ్మిదో తరగతి పిల్లకు భౌతికశాస్త్రం పరాయిది కాదు. ఎర్తింగు ఎందుకో, ఉప్పునీళ్లలో నిలబడి స్విచ్చు ఎందుకు ముట్టకూడదో తెలిస్తే ప్రాణాలు దక్కుతాయి. ముత్తుకూరులో 1991లో మొదలైన మత్స్యశాస్త్ర కళాశాల డిగ్రీ పట్టభద్రులను తయారుచేస్తోంది. చెరువు గట్టు మీద పనిచేసే వేలమంది చదువు మాత్రం హైస్కూల్లోనే ఆగిపోతోంది. వారికి చెప్పగలిగేది ఏదైనా ఉంటే అక్కడే చెప్పాలి.

తీరం దాటి వెంకటగిరికి పోతే నేత కనిపిస్తుంది. 100 కౌంటు నూలు అంటే ఒక పౌనుకు 840 గజాల చిలపలు 100. అంటే 84,000 గజాల దారం. పడుగు, పేకల పొడవు, అచ్చులో అంగుళానికి ఎన్ని పోగులో తెలిస్తే చీరకు ఎంత నూలు కావాలో ఏడో తరగతి పిల్లయినా కట్టగలదు. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక సంస్థ 1992 నుంచి డిప్లొమా నడుపుతోంది. ఊళ్లోని హైస్కూలుకూ ఆ సంస్థకూ మధ్య రాకపోకలు సహజంగా ఉండాల్సినవి.

విలువ ఎక్కడుంది

ఉద్యోగాలు వస్తాయి అన్నది ఈ చదువు గురించి తరచుగా చెప్పే సమర్థన. అందులో నిజముంది గానీ అది చాలా చిన్న భాగం. పద్నాలుగేళ్ల వయసులో నేర్చిన యంత్రం ఇరవై నాలుగేళ్లకు పాతబడుతుంది. పాతబడనిది వేరే ఉంది. వడ్రంగంలో కర్ర కుసి ఒక వెంట్రుకవాసి లావైతే బెజ్జంలో దిగదు, సన్నమైతే ఊగుతుంది. ఆ ఫలితాన్ని మాస్టారు చెప్పనక్కర్లేదు, కర్రే చెబుతుంది. చూచిరాతతో గట్టెక్కడం కుదరని పాఠం బడిలో ఇదొక్కటే. తప్పు ఎక్కడుందో తానే వెతికి, విప్పి, మళ్లీ బిగించే అలవాటు లెక్కల్లోనూ, కంప్యూటర్ ప్రోగ్రాములోనూ పనికొస్తుంది. జిల్లాకు పేరిచ్చిన పొట్టి శ్రీరాములు బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో పనిచేసిన మనిషి, ఆ తర్వాత ఖద్దరు పనిలో దిగారు. శ్రమకు, చదువుకు మధ్య గోడ ఉండాల్సిన అవసరం లేదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. క్రాఫ్టు అంటే అబ్బాయిలకు వడ్రంగం, అమ్మాయిలకు కుట్టు అన్న విభజన దశాబ్దాల పాటు నడిచింది. నేటికీ ఒకేషనల్ ట్రేడుల్లో బ్యూటీ, దుస్తుల తయారీ వైపు అమ్మాయిలను తోసేవారున్నారు. తడ దగ్గరి మాంబట్టు చెప్పుల కర్మాగారంలోనూ, శ్రీసిటీ కర్మాగారాల్లోనూ పనిచేసే ఆడపిల్లలు రోజూ యంత్రాలు నడుపుతున్నారు. ఆ యంత్రం ఆగితే విప్పి చూసే చదువు మాత్రం వారికి అందడంలేదు. బాగుచేసేవాడి కోసం ఎదురుచూసే ఉద్యోగానికీ, తానే బాగుచేసే ఉద్యోగానికీ జీతంలో తేడా ఉంటుంది.

ఇప్పటి స్థితి

తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద ట్రేడులు నేర్పే ఏర్పాటు సమగ్ర శిక్ష ద్వారా నడుస్తోంది. భోపాల్‌లోని కేంద్ర ఒకేషనల్ విద్యా సంస్థ పాఠ్యక్రమాలు తయారుచేస్తుంది. శిక్షకులు ఎక్కువగా ఏజెన్సీల ద్వారా వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగులు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు కొన్ని బడులకు త్రీడీ ప్రింటరు, సెన్సర్లు తెచ్చిపెట్టాయి. చొరవ ఉన్న సైన్సు టీచరు దొరికిన చోట అవి కళకళలాడుతున్నాయి, దొరకని చోట తాళం పడుతోంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని చూసి నేర్చుకోవాలంది. 2023 పాఠశాల పాఠ్యప్రణాళిక పనిని ప్రాణులతో, యంత్రాలూ పదార్థాలతో, మనుషుల సేవతో అని మూడు తెగలుగా విభజించింది. రొయ్య, పడవ, ఆసుపత్రి మూడూ ఉన్న ఈ తీరానికి ఆ విభజన చక్కగా సరిపోతుంది.

కేరళలో మత్స్యకార పిల్లల కోసం ప్రభుత్వం ప్రాంతీయ ఫిషరీస్ టెక్నికల్ హైస్కూళ్లు నడుపుతోంది. నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర తుమ్మలపెంటలో మత్స్యకార పిల్లల గురుకులం ఉంది. దాన్ని అలాంటి వర్కుషాపు బడిగా తీర్చడానికి కొత్త చట్టాలేవీ అవసరం లేదు. స్థానిక చేతిపనివారిని నిపుణ బోధకులుగా బడికి పిలవవచ్చని 2020 విధానమే అంటోంది. పడవ మేస్త్రి, మోటారు వైండింగు చేసే మనిషి, వల కట్టే పెద్దాయన నెలకు రెండు పూటలు బడికి రావాలంటే, ఆ పూట వారికి పోయే కూలిని ఏ పద్దు కింద చెల్లించాలో, ఆ పీరియడ్‌కు పిల్లల మార్కుల్లో ఎంత వాటా ఉండాలో, పనిముట్ల బీరువాకు ఏటా ఎంత ఖర్చు పెట్టవచ్చో ప్రధానోపాధ్యాయుడి చేతికి రాతపూర్వకంగా అందాలి.